నీలి ప్రోటీను రహస్యం

పుదుచ్చేరి పట్టణంలో సముద్రపు ఒడ్డున వైతికుప్పం అనే మత్స్యకారుల పేట ఉంది. ఇలాంటి పేటల్లో పెరిగిన పిల్లలకు ఒక సంగతి తెలుసు: ఎండుచేపలు ఎక్కువ రోజులు నిలవ ఉంటే చెడువాసన వేస్తాయి. వాటిలోని కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరపటం దీనికి ఒక ముఖ్య కారణం. మరి బతికున్న చేపలోనూ, మన ఒంట్లోనూ కొవ్వూ, ఆక్సిజనూ రెండూ ఉన్నాయి కదా! అక్కడ ఈ చేటు ఎందుకు జరగటం లేదు?

జవాబులో ఒక భాగం 1938లోనే చేతికందింది. అయితే అదే జవాబని అప్పుడెవరికీ తెలియదు. ఆ ఏడాది ఇంగ్లండులో మాన్, కీలిన్ అనే శాస్త్రజ్ఞులు పశువుల రక్తం నుంచి రాగి ఉన్న నీలిరంగు ప్రోటీనును వేరుచేశారు. దాని పనేమిటో చాలాకాలం తేలలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్, ఆయన శిష్యుడు జో మెకార్డ్ ఆ రహస్యాన్ని ఛేదించారు. ఆక్సిజన్ అణువుకు ఒక ఎలక్ట్రాన్ అదనంగా చేరితే హానికరమైన సూపరాక్సైడ్ ఏర్పడుతుంది. ఈ ప్రోటీను దాన్ని ఆక్సిజన్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైము. ఆ పెరాక్సైడ్ పని కాటలేజ్ వంటి ఇతర ఎంజైములు పడతాయి. నీలి ప్రోటీనుకు సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్ అనే పేరు వచ్చింది.

అయితే కణంలో అది ఎక్కడుంటుంది? కణాలను నలగ్గొట్టి కొలిస్తే ఎంత ఉందో తెలుస్తుంది గాని, ఏ మూల ఉందో తెలియదు. ఇక్కడ అక్కరకు వచ్చింది ప్రతిరక్షకం. శుద్ధిచేసిన ఎంజైమును కుందేలుకు సూదిమందుగా ఇస్తే, దాని రక్తంలో ఆ ఎంజైమును పట్టుకొనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. వాటికి మెరిసే రంగు తగిలించి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని 1940ల తొలినాళ్లలోనే ఆల్బర్ట్ కూన్స్ చూపాడు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా తయారుచేసే కణాలను రూపొందించి, 1984లో నోబెల్ బహుమతి పొందారు. ఇలాంటి ప్రతిరక్షకాలతో చూస్తే, రాగి-జింకు ఉన్న ఎంజైము ఎక్కువగా కణద్రవ్యంలోనూ, దాని జాతిదే అయిన మాంగనీసు ఎంజైము మైటోకాండ్రియాలోనూ కనబడతాయి.

కనబడితే చాలా? 1993లో ఒక గట్టి పాఠం ఎదురైంది. కండరాలను కదిలించే నాడీకణాలు క్షీణించే ఏ.ఎల్.ఎస్. వ్యాధి కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అలాంటి కొన్ని కుటుంబాల్లో రాగి-జింకు ఎంజైము జన్యువే మారిపోయిందని తేలింది. ఎంజైము చాలకనే జబ్బు వస్తోందని మొదట అనుకున్నారు. 1994లో ఆ మారిన మానవ జన్యువును చిట్టెలుకల్లో చేర్చారు. వాటి సొంత ఎంజైము చెక్కుచెదరకుండా ఉన్నా కాళ్లు చచ్చుబడిపోయాయి. అంటే ఇక్కడ లోపం ఎంజైము తగ్గటం కాదు, రూపం చెడిన ప్రోటీనే విషమవుతోందన్నమాట!

ప్రతిరక్షకం ఎంజైము ఉనికిని చెబుతుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో వేరే పరీక్షతో తేల్చుకోవాలి. హాజరుపట్టీలో పేరున్నంత మాత్రాన పాఠం వచ్చినట్లు కాదు కదా!