రామాయపట్నం చదువు

యెర్రగుంట్ల పేరయ్య ఏ సెమినరీలోనూ చదవలేదు. తోళ్ల వ్యాపారి. ఉత్తరాన ఏలూరు వైపు క్రీస్తు సంగతి విని, సొంతూరు తాళ్లకొండపాడులో తనవాళ్లకు చెప్పాడు. 1867లో ఒంగోలు నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర వచ్చేసరికే అక్కడి మాదిగపల్లె బాప్తిస్మానికి సిద్ధంగా ఉంది. మా పొదిలి వైపు తొలి బోధకులు ఇలాంటివాళ్లే. దొరల పేర్లే ముందు చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఆ రోజుల పెద్ద కరువు తగ్గుతుండగా, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికి నేర్పేదెవరు? అమెరికన్ బాప్టిస్టులు అప్పటికే సముద్రం ఒడ్డున రామాయపట్నంలో సెమినరీ పెట్టారు. పెళ్లయినవాళ్లు భార్యలతో వెళ్లేవారు, వాళ్లకూ పాఠాలే. తిరిగొచ్చినవాడు పల్లెలో వారమంతా బడిపంతులు, ఆదివారం బోధకుడు. ఆడవాళ్లకు బైబిలు స్త్రీ పని ఉండేది.

మా నాయనమ్మ ఆ పనే చేసింది. మిరపకోతలప్పుడు పగలు ఇళ్లకు తాళాలే కదా, అందుకని చీకటిపడ్డాక లాంతరుతో వెళ్లేది. వాక్యంతోపాటు ఉత్తరాలు చదివిపెట్టేది, అడిగినవాళ్లకు సంతకం నేర్పేది. జనం ఆమెను పిలిచింది ఎక్కువగా ఉత్తరాలకే.

1964లో రామాయపట్నం సహా పలు సెమినరీలు కలిసి ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. డిగ్రీలొచ్చాయి. మా పల్లెల్లో మాత్రం వాక్యం చెప్పేవాళ్లు కొందరు సోమవారం పొద్దున్నే కూలికి పోతారు.