మేడమెట్ల మీద లీలావతి

నిరుడు వేసవి సెలవులలో మా మేనకోడలు లెక్కల పుస్తకం పట్టుకొని నా వద్దకు వచ్చింది. 2 + 3 × 4 ఎంత అన్న ప్రశ్నకు 20 అని వ్రాసింది. "బాడ్మాస్ మరచిపోయావా?" అని కసిరాను. "వరుసగా చదివితే ఇరవయ్యే కదా మామయ్యా! గుణకారమే ముందు చెయ్యాలని ఎవరు చెప్పారు?" అంది. నేను తెల్లమొహం వేశాను. ఎన్నో ఏళ్ళుగా ఆ సూత్రాన్ని మంత్రంలా వల్లించానే గాని, ఆ ప్రశ్న నాకెన్నడూ తోచలేదు.

ఆ రాత్రి పుస్తకాలు తిరగవేస్తే తెలిసినదేమంటే, ఎవరో ఒకరు కూర్చుని చేసిన శాసనం కాదది. ఐరోపాలో సమానత్వపు గుర్తును రికార్డ్ 1557లోను, ఇంటూ గుర్తును ఆట్రెడ్ 1631లోను అచ్చులో వాడారు. 1637లో డెకార్ట్ గ్రంథం నాటికి అంకెను, అక్షరాన్ని పక్కపక్కన అంటించి వ్రాస్తే గుణకారమని అర్థం. అంటుకొని ఉన్నవాటిని ఒకే ముద్దగా చూడడం సహజం. బీజగణితం వ్రాయడంలో ఏర్పడిన ఆ సౌకర్యమే క్రమంగా నియమమై కూర్చుంది.

మరి గుర్తులతో కాక మాటలతో లెక్కలు చెప్పిన మన పూర్వుల సంగతేమిటి? మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని మన పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. చెవితో వినే లెక్కకు బ్రాకెట్లతో పనిలేదు; చెప్పిన వరుసే చేసే వరుస. ఆ వరుస ఎంత ముఖ్యమో 499 నాటి ఆర్యభటీయంలోని విలోమ విధి చెబుతుంది: వెనక్కి నడిచేటప్పుడు గుణకారం భాగహారమవుతుంది, కూడిక తీసివేత అవుతుంది.

1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు దీనికొక చక్కని లెక్క ఇచ్చాడు. ఒక సంఖ్యను 3తో గుణించి, వచ్చినదానికి దాని ముప్పాతిక వంతు కలిపి, 7తో భాగించి, అందులో మూడవ వంతు తీసివేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, 52 తీసివేసి, వర్గమూలం కట్టి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వచ్చింది. ఆ సంఖ్య ఏది? చివరినుండి వెనక్కి నడిస్తే 28 దొరుకుతుంది.

మరునాడు మా మేడమెట్ల మీద సుద్దముక్కతో వ్రాశాను. మొదటి మెట్టు మీద "3 కలుపు", రెండవదాని మీద "4తో గుణించు". పాప 2తో ఎక్కి 20తో పైకి చేరింది. "ఇప్పుడు దిగు" అన్నాను. ఎక్కిన వరుసలోనే ఆలోచించి ముందు 3 తీసివేసింది. 17 వచ్చింది, నాలుగుతో తెగలేదు. కాసేపు నిలబడి, "దిగేటప్పుడు పై మెట్టే ముందు కదా!" అని నవ్వింది. నాలుగుతో భాగించి 5, మూడు తీసి 2.

తరువాత చింతగింజలు తెచ్చాము. విడిగా రెండు గింజలు, నాలుగేసి గింజలు కట్టిన మూడు పొట్లాలు. మొత్తం 14. పుస్తకంలోని లెక్క ఇది. విడి గింజలు రెండూ పొట్లాలు కావుగా! మరి 20 రావాలంటే? ఆ రెంటికి బదులు ఇంకో రెండు పొట్లాలు పెట్టాలి. "రెండూ మూడూ కలిపి అయిదు పొట్లాలు" అని చెప్పడానికే బ్రాకెట్టు పుట్టిందని పాపే తేల్చింది.

నేటి గుర్తుల ప్రకారం ఆమె 20 తప్పే. కాని "రెండుకు మూడు కలిపి నాలుగుతో గుణించు" అని నోటితో చెప్పి ఉంటే అదే ఒప్పు. ఆమె లెక్కను చూడలేదు, విన్నది. ఈ తేడా తెలియక నేను కసిరాను. ఆ మాట ఆమెతో చెప్పి, క్షమించమన్నాను. సుద్ద వ్రాతలు తొలకరి వానకు చెరిగిపోయాయి గాని, పాప ఇప్పటికీ ఆ మెట్లు దిగుతూ ఏదో గొణుక్కుంటుంది.

మీ ఇళ్ళలో పెద్దలు చెప్పిన ఇటువంటి నోటిలెక్కలుంటే తెలియజేయగలరు.