ఫిబ్రవరి నాలుగో తారీఖు కూత

కిందటేడు జనవరిలో ఒకరోజు తెల్లారగట్ల మా అపార్ట్‌మెంట్ వెనక నుంచి కోయిల కూత వినిపించింది. రగ్గు తీయకుండానే ఫోన్ వెతికి, మా పిట్టల గ్రూపులో మెసేజ్ పెట్టేశాను: “ఈ ఏడాది మొదటి కోయిల! మియాపూర్, 5.02.” ఆదివారాలు బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని చెరువుల వెంట తిరిగే జనం మేము. ఏటా చలి విరిగే రోజుల్లో మొదటి కోయిల ఎవరికి వినపడుతుందా అని మా మధ్య ఒక పోటీ నడుస్తుంది. బహుమతేం ఉండదు. కానీ గెలిచినవాడి ముఖం చూడాలి. ఆరింటికల్లా నాకు పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి.

మర్నాడు మళ్ళీ కూసింది. ఫోన్ చూస్తే 5.02. ఎక్కడో తేడా కొట్టింది. చెప్పులేసుకుని కిందకి దిగాను. జనరేటర్ పక్కన వాచ్‌మన్ గది ఉంది. కిటికీ గట్టు మీద ఆయన ఫోన్ కూస్తోంది. వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ వచ్చి దాని నోరు నొక్కి, నా మెళ్ళో బైనాక్యులర్స్ చూసి నవ్వాడు. “గది నా అలారం సార్. మామిడి పూతే సక్కగ రాలె, ఇప్పుడేడ కోయిల?” పాలమూరు వైపు మనిషి. చిన్నప్పుడు కోయిలని ఎక్కిరించేవాళ్ళమని చెప్పి, పుల్ల చేతిలోకి తీసుకుని ఒకసారి కూశాడు. అలారం కంటే బాగుంది. నిజం కోయిల కంటే తక్కువగా ఏమీ లేదు.

పైకి వచ్చి మెసేజ్ అందరికీ కనపడకుండా తీసేశాను. ఏమైందని ఒకరిద్దరు అడిగారు. “కాస్త డౌట్‌గా ఉంది” అన్నాను. డౌటేమీ లేదని నాకు తెలుసు. అక్కడితో మర్చిపోదామనుకున్నాను, లిడెకర్ గురించి చదివేదాకా.

రిచర్డ్ లిడెకర్ ఇంగ్లండ్‌లో పేరున్న జంతుశాస్త్రవేత్త, రాయల్ సొసైటీ సభ్యుడు. 1913 ఫిబ్రవరి 4న, హార్పెండెన్‌లోని తన తోటలో పని చేసుకుంటుంటే కుకూ పిట్ట కూత విన్నాడు. పక్కనున్న తోటపనివాడూ విన్నాడు. కుకూ ఆఫ్రికాలో చలికాలం గడిపి ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేరే పక్షి. ఫిబ్రవరి మొదటివారంలో దాని కూత వినపడటమంటే మాటలు కాదు. వెంటనే ‘ది టైమ్స్’ పత్రికకి ఉత్తరం రాశాడు. ఏటా మొదటి కుకూ కూత గురించి ఆ పత్రికకి పాఠకులు ఉత్తరాలు రాయడం అక్కడ ఒక ఆనవాయితీ. ఫిబ్రవరి 6న అచ్చయింది.

వారం తిరగకుండానే, 12న ఆయన రెండో ఉత్తరం అచ్చయింది. తాను పూర్తిగా మోసపోయాననీ, ఆ కూత దగ్గర్లో ఇల్లు కడుతున్న తాపీపనివాడి దగ్గరి కూలీ వేసిందనీ అందులో ఒప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. వెళ్ళి ఆ కూలీతో మాట్లాడాడు. ఏ వాయిద్యమూ లేకుండా, వట్టి నోటితో, దూరాన ఉన్న కుకూలని కూడా తన దగ్గరికి రప్పించగలనని ఆ మనిషి చెప్పిన మాటని కూడా ఉత్తరంలో రాశాడు.

లిడెకర్ పేరు నేనెక్కడో విన్నాననిపించింది. వెతికితే తేలింది, కర్నూలు గుహల దగ్గర. ఆయన 1874 నుంచి 1882 దాకా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేశాడు. తర్వాత, 1880ల నడిమధ్యలో, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించి తీసిన ఎముకలు లిడెకర్ చేతికి వెళ్ళాయి. వాటిని పరిశీలించి 1886లో ఆయన కర్నూలు గుహల జంతుజాలం గురించి ప్రచురించాడు. అంతరించిపోయిన ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయని ముక్కలైన ఎముకలని చూసి చెప్పగలిగిన మనిషి, పక్కింటి గోడ మీంచి వచ్చిన కూతని పోల్చుకోలేకపోయాడు. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. చెవి వేరు, చదువు వేరు. నాకు ఊపిరాడనివ్వనిది మొదటి ఉత్తరం కాదు, రెండోది. అరవై మూడేళ్ళ పెద్దమనిషి, తప్పు ఎక్కడ అచ్చయిందో అక్కడే, అంత పెద్ద పత్రికలో, దిద్దుబాటు వేయించుకున్నాడు. నేను ముప్పైమంది ఉన్న గ్రూపులో వేయలేకపోయాను.

అసలు మొదటి కూతని రాసిపెట్టుకోవడం ఎందుకు? ఈ అలవాటు వెనక చాలా పెద్ద చరిత్రే ఉంది.

ఇంగ్లండ్‌లో నార్ఫోక్ ప్రాంతపు భూస్వామి రాబర్ట్ మార్షమ్‌కి చెట్లు పెంచడం పిచ్చి. 1736 నుంచి ఆయన వసంతం ఆనవాళ్ళని తారీఖులతో సహా రాయడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురేసింది, కప్పలు ఎప్పుడు అరిచాయి, స్వాలో ఎప్పుడు కనపడింది, కుకూ, నైటింగేల్ ఎప్పుడు కూశాయి. ఇలా ఇరవై ఏడు ఆనవాళ్ళు. యాభై ఏళ్ళు దాటిన ఆ లెక్కలని 1789లో రాయల్ సొసైటీ పత్రిక అచ్చేసింది. ఆయన 1797లో పోయాక కూడా వారసులు వదల్లేదు. తరం తర్వాత తరం రాస్తూ 1958 దాకా తీసుకొచ్చారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆస్తితో పాటు ఒక కాపలా పని కూడా వచ్చిందన్నమాట.

మార్షమ్ చివరి రోజుల్లో ఉత్తరాలు రాసుకున్న స్నేహితుడు గిల్బర్ట్ వైట్, సెల్బోర్న్ అనే పల్లెలో చర్చి పని చూసే మనిషి. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండే మూడు చిన్న పిట్టలని కూతలని బట్టి మూడు వేర్వేరు జాతులుగా విడదీసిన చెవి ఆయనది. అలాంటివాడికి కూడా స్వాలోలు చలికాలంలో ఎక్కడికి పోతాయన్నది చివరిదాకా తేలలేదు. కొన్నయినా దేశం దాటకుండా ఎక్కడో దాక్కుని నిద్రపోతాయేమో అనే అనుమానం ఆయన్ని వదల్లేదు. పక్షి రాకని తారీఖు వేసి రాస్తున్నారు, అది ఎక్కడినుంచి వస్తోందో మాత్రం తెలీదు. తెలియని విషయం గురించి కూడా నమ్మకంగా రాసి ఉంచడమే వాళ్ళు చేసిన పని.

ఒక్కడు రాస్తే డైరీ. వందమంది ఒకే రకంగా రాస్తే అది మ్యాపు అవుతుంది. ఈ సంగతి అమెరికాలో వెల్స్ కుక్ అనే స్కూలు మేష్టారికి తట్టింది. 1881-82 చలికాలంలో ఆయన అయోవా రాష్ట్రంలోని పక్షుల పరిచయస్తులని, మీ ఊరికి వలసపిట్టలు ఎప్పుడొచ్చాయో రాసి పంపండని అడిగాడు. అది మిసిసిపీ లోయంతా పాకింది, తర్వాత దేశమంతా, చివరికి ప్రభుత్వ కార్యక్రమమైంది. 1970లో ఆపేసేనాటికి దాదాపు 60 లక్షల కార్డులు పోగయ్యాయి. రైతులు, టీచర్లు, ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు రాసిన కార్డులు. దశాబ్దాల పాటు బీరువాల్లో పడున్న వాటిని మళ్ళీ వాలంటీర్లే కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఎందుకంటే భూమి వేడెక్కుతోందని తేలాక, వందేళ్ళ కిందటి వసంతం ఏ తారీఖున వచ్చిందన్నది ఒక్కసారిగా అవసరమైన ప్రశ్న అయింది. మార్షమ్ కుటుంబపు లెక్కల విలువ కూడా అప్పుడే తెలిసింది. వేడి ఎక్కువున్న ఏళ్ళలో చెట్లు ముందే చిగురించాయని ఆ కాగితాలు చూపించాయి.

మన దగ్గరికొస్తే, సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. నేటి తెలంగాణ పక్షుల గురించి ఏం మాట్లాడాలన్నా మొదట తెరవాల్సిన పుస్తకం అదే. 1959లో జఫర్ ఫుతేహల్లీ ‘న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్’ మొదలుపెట్టారు. ఎవరైనా, శాస్త్రవేత్త కాకపోయినా, మా పెరట్లో ఈ పిట్ట ఈ తారీఖున కనపడింది అని రాసి పంపగలిగే చోటు అది. 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడు అదే డెక్కన్ బర్డర్స్. 2007లో మొదలైన ‘మైగ్రెంట్ వాచ్’ దేశంలోకి వలసపక్షులు ఎప్పుడు దిగుతున్నాయో మామూలు జనం చేత రాయించింది. తర్వాత అది ఈబర్డ్‌లో కలిసిపోయింది. వానలతో పాటు వచ్చే చాతకాన్ని ఎవరు ముందు చూశారన్నది కూడా మనవాళ్ళు ఇలాగే పోగుచేశారు.

కానీ ఇంగ్లండ్ లెక్క మనకి సరిగ్గా అతకదు. స్కూల్లో కుకూ అంటే కోయిల అని చెప్పారు, మనమూ అలాగే రాసుకున్నాం. రెండూ వేరే పక్షులు. రెండూ ఒకే కుటుంబానివి, రెండూ పరాయి గూట్లో గుడ్లు పెడతాయి, చుట్టరికం అంతవరకే. కుకూ సముద్రం దాటి వస్తుంది. మన కోయిల ఎక్కడికీ పోదు. చలికాలమంతా ఇక్కడే, ఏ రావిచెట్టు గుబుర్లోనో పళ్ళు తింటూ, దాదాపు నోరు మూసుకుని ఉంటుంది. అంటే మనం “వచ్చింది” అని రాసుకునేది పక్షి కాదు, కూత. ఆ కూసేది కూడా మన పాటలు పిలిచే కోయిలమ్మ కాదు, నల్లటి మగ కోయిల. చుక్కలున్న ఆడపక్షి అరుపు వేరు, అందులో సంగీతమేం ఉండదు.

ఇంకో తేడా ఉంది. వాళ్ళకి వసంతం స్వాగతం, మనకి వీడ్కోలు. అమీన్‌పూర్ చెరువులో చలికాలమంతా ఈదిన బాతులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కో గుంపూ ఉత్తరానికి లేచిపోతాయి. మోదుగులు, బూరుగులు పూసినప్పుడు వాటి మీద వాలి గోలగోలగా తేనె తాగే గులాబీ గోరింకలు, ఎండలు ముదిరేసరికి మధ్య ఆసియా దారి పడతాయి. ఉగాదికి కోయిల గురించి రాస్తాం. అదే రోజుల్లో ఇన్ని వేల పక్షులు మన మీదుగా వెళ్ళిపోతుంటే ఎవరూ తల ఎత్తరు.

మొదటి చూపు రాయడం తేలిక. కనపడగానే తెలుస్తుంది. చివరి చూపు అలా కాదు. ఇది చివరిది అని పక్షి చెప్పి వెళ్ళదు. మర్నాడు వెళ్ళి, ఆ మర్నాడు కూడా వెళ్ళి, ఏమీ కనపడలేదని రాసుకుంటేనే ఆ ముందటి రోజుది చివరిదని తేలుతుంది. మన కలివికోడి సంగతే చూడండి. జెర్డన్ 1848లో లోకానికి చెప్పిన ఆ పక్షి 1900లో అనంతపురం దగ్గర ఒకరికి కనపడింది. చూసినవాళ్ళకి తెలీదు, మళ్ళీ 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో బయటపడేదాకా ఇంకెవరికీ కనపడదని. ఆ ఎనభై ఆరేళ్ళకీ మధ్య వారధిగా నిలిచింది పాత కాగితం మీద సరిగ్గా రాసిన కొన్ని మాటలే. అవి తప్పయి ఉంటే, వెతికేవాళ్ళు ఏ కొండకి వెళ్ళేవాళ్ళు?

అందుకే నా 5.02 నన్ను ఇంకా కుట్టుతోంది. మెసేజ్ తీసేస్తే తప్పు పోదు, తప్పు జరిగిందన్న గుర్తు పోతుంది. ఇన్నేళ్ళుగా ఇందరు మామూలు మనుషులు పోగేసిన లెక్కలు నిలబడ్డది వాళ్ళెప్పుడూ పొరబడలేదని కాదు. పొరబడ్డప్పుడు చెప్పారని. లిడెకర్ దిద్దుబాటు రాయకపోయి ఉంటే, 1913లో కుకూ ఫిబ్రవరిలోనే వచ్చిందని ఈనాడు ఎవరో ఒకరు గ్రాఫు మీద చుక్క పెట్టి ఉండేవారు. ఒక కూలీ గొంతు వాతావరణ మార్పుకి సాక్ష్యమయ్యేది.

ఆ రెండో ఉత్తరంలో లోటు ఒకటే, ఆ కూలీ పేరు లేదు. ఆ మొత్తం వ్యవహారంలో కుకూ గురించి బాగా తెలిసినవాడు అతనే. మా వాచ్‌మన్‌ని పేరు రాయనా అని అడిగాను. “నా పేరెందుకు సార్, కోయిల కూసినప్పుడు చెప్త, గది రాసుకోండ్రి” అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇంటర్‌కమ్ మోగింది. “సార్, కిందికి రాండ్రి.” వెళ్ళేసరికి ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో వేపచెట్టు వైపు చూస్తూ నిలబడున్నాడు. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత బొంగురుగా, గొంతు సవరించుకుంటున్నట్టు, రెండుసార్లు. “ఇంక గొంతు రాలె దానికి” అన్నాడు. తారీఖు, టైము నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ‘విన్నది’ అన్న గడిలో నా పేరు రాయలేదు.

గ్రూపులో మిత్రులకి: జనవరి నాటి మియాపూర్ కోయిల, కోయిల కాదు. ఫోన్ అలారం. తప్పు నాది.