పాతచీరయు కుట్టుమిషనును

ప్రతి గురువారమును హైదరాబాదు పాతనగరమున, పురానాపూలు వంతెనకు చేరువగా, జుమ్మెరాత్ బజారు అను సంత జరుగును. గురువారమునకు ఉర్దూలో జుమ్మెరాత్ అని పేరు; సంతకును అదియే పేరైనది. వంతెన 1578 లో కుతుబ్‌షాహీల కాలమున కట్టినది. సంతలోని సరకు మాత్రము అంత ప్రాచీనమైనది కాదు. మూతపోయిన మరచెంబులు, ముల్లులేని గోడగడియారములు, తాళపుచెవి లేని తాళములు, తాళము లేని తాళపుచెవులు, ఎవరి పెండ్లిలోనో తీయించుకొన్న ఛాయాపటముల చట్రములు గోనెపట్టాలమీద పఱచియుండును. కొన్నేండ్ల క్రిందట ఈ సంతలో నేనును నా భార్యయు ఒక చేతి కుట్టుమిషను కొంటిమి. అమ్మువాడు దానికి వెల చెప్పలేదు. తక్కెడలో పెట్టి తూకము చెప్పెను. పాతయినుము ధరను తూకముతో హెచ్చవేసి, కొయ్యపెట్టెను ఊరకనే యిచ్చుచున్నానని మమ్ము సంతోషపెట్టెను.

ఆ బరువును చైతన్యపురికి మోసికొనివచ్చి, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో రెండు దినములు తుడిచితిమి. మడ్డి వదలిన కొలది నల్లని మెఱుగును, ఆ మెఱుగుమీద బంగారువన్నె స్ఫింక్సు బొమ్మలును బయటపడినవి. ఈజిప్టుదేశపు సింహనారీమూర్తికి మన రవికెలతో నేమి పని యని నవ్వుకొంటిమి.

మా చైతన్యపురి చారిత్రకస్థలమని ఎవరును చెప్పరు. విజయవాడకు పోవు రాజమార్గము ననుసరించి దిల్‌సుఖ్‌నగరునకును ఎల్. బి. నగరునకును నడుమ వెలసిన పేట యిది. 2018 సెప్టెంబరు 24 న అమీర్‌పేట మొదలు ఎల్. బి. నగరువఱకు మెట్రో రైలు నడువ నారంభించినది. ఆ మార్గమున మాదొక నిలయము. మా తరువాతి నిలయమునకు విక్టోరియా మెమోరియల్ అని పేరు. 1901 లో మరణించిన విక్టోరియారాణికి స్మారకముగా నిజాముగారి కాలమున సరూర్‌నగరులో నెలకొల్పిన అనాథశరణాలయమువలన ఆ పేరు కలిగినది. దినదినము ఆ పేరు విని దిగువారిలో దాని కథ నెఱిగినవా రరుదు. ఈ పేటలో కాపురమున్న వారనేకులు నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి ఉద్యోగములకును పిల్లల చదువులకును తరలివచ్చినవారు. వచ్చునపుడు భోషాణములను పల్లెలలో విడిచి ట్రంకుపెట్టెలను మాత్రము తెచ్చుకొనిరి. మూడుగదుల వాటాలో భోషాణ మెక్కడ పట్టును?

వేసవి మధ్యాహ్నమున మా యింట నీ మిషను తిరుగుచున్నపుడు కలుగు సుఖము గొప్పగా చెప్పుకొనదగినంత పెద్దది కాదు. చెప్పక విడువదగినంత చిన్నదియు కాదు. కిటికీకి తెఱ దించియుండును. ఆ తెఱకు కుట్టిన జరీయంచు మా నాయనమ్మ గద్వాలచీరది. నా భార్య కుడిచేత పిడి త్రిప్పుచు ఎడమచేత గుడ్డను నడుపుచుండును. పడవవంటి షటిల్ లోపల ముందువెనుకలకు పరుగెత్తుచు చేయు చప్పుడు, నేటి విద్యుత్తు మిషనుల చప్పుడువలె చెవులు గీఱదు. ప్రక్కనున్న మరచెంబులో కత్తెర, టేపు, సుద్దముక్క ఉండును. బిస్కత్తుల డబ్బాలో నేనెఱిగినంతలో బిస్కత్తులెన్నడును లేవు, అన్నియు గుండీలే. మా తండ్రి చొక్కాలవి, పిల్లల బడిదుస్తులవి, ఏ వస్త్రమునుండి వచ్చినవో తెలియని ముత్యపుచిప్పవి అందు కలవు. ఒక్క గుండీకై డబ్బా బోర్లించినచో గంట గడచును; కావలసిన గుండీ దొరకదు; అయినను ఎవరికిని విసుగు కలుగదు.

మిషను పీఠమునందు కుడిప్రక్కను ఇనుములో కొట్టిన యొక సంఖ్య గలదు. దాని మొదటి యక్షరము ఆంగ్లేయుల వై. సింగరు కంపెనీవారి లెక్కప్రకారము ఆ యక్షరముగల మిషనులు 1920, 1930 దశాబ్దములలో స్కాట్లండు దేశపు క్లైడ్‌బ్యాంకు కర్మాగారమున తయారైనవి. ఆ కర్మాగారము 1980 లో మూతపడినది. ఆ యూరి రైలునిలయమునకు మాత్రము నేటికిని సింగరు అనియే పేరు. మా విక్టోరియా నిలయమునకు దూరపుచుట్టమన్నమాట.

ఆ కర్మాగారమునుగూర్చి చదువుచుండగా నన్ను నిలిపిన సంగతి యొకటి కలదు. 1911 మార్చిలో అచ్చట మిషనుపెట్టెలకు మెఱుగుపెట్టు విభాగమునందలి పండ్రెండుగురు స్త్రీలు, పని పెంచి కూలి తగ్గించుచున్నారని పని మానిరి. కొలదిదినములలో సుమారు 11,000 మంది వారితో చేరిరి. ఏప్రిలు నెలలోనే సమ్మె విఫలమయ్యెను. ముందు నిలిచినవారిలో వందలకొలది పనులు పోగొట్టుకొనిరి. మా మిషను అప్పటికింకను పుట్టలేదు. కాని సంతలో ఊరకనే యిచ్చిన కొయ్యపెట్టె వెనుక నిట్టి కూలితగవు ఒకటి యుండెనని తెలిసినపిమ్మట దానిని ఊరకనే వచ్చినదని యనుటకు నాకు నోరు రాలేదు.

కుట్టుమిషను పుట్టుకయు తగవులలోనే జరిగినది. ఫ్రాన్సుదేశమున తిమోనియే అను దర్జీ 1830 లో ఒక యంత్రమునకు హక్కుపత్రము పొంది, సైనికుల దుస్తులు కుట్టించుచుండగా, తమ జీవనము పోవునని భయపడిన తోడిదర్జీలు 1831 లో అతని యంత్రములను పగులగొట్టిరి. అమెరికాలో 1846 లో ఎలియాస్ హోవు, 1851 లో ఐజక్ సింగరు హక్కుపత్రములు పొందిరి. పిమ్మట వారిరువురును న్యాయస్థానములలో పోరాడిరి. సింగరు కంపెనీ 1856 లో వాయిదాలమీద మిషను నమ్ము పద్ధతి పెట్టినది. నెలనెల కొంత చెల్లించు నీ సౌకర్యమే దానిని సామాన్యగృహములలో ప్రవేశపెట్టినది గాని స్ఫింక్సు బొమ్మలు కావు.

యంత్రములను అనుమానముతో చూచిన గాంధీమహాత్ముడు సైతము దీనిని మినహాయించెను. 1924 లో రామచంద్రన్ అను శాంతినికేతన విద్యార్థి యడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరముగా, లోకమున కనిపెట్టబడిన కొలది యుపయోగకరవస్తువులలో నిది యొకటి యనియు, భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక ప్రేమచే సింగరు దీనిని నిర్మించెననియు ఆయన చెప్పెను. తీర్పు సరియైనదే, కథ మాత్రము చరిత్రకు నిలువదు. సింగరు నాటకములాడు వృత్తినుండి వచ్చి ధనార్జనకై యంత్రమును చక్కదిద్దినవాడు. గృహజీవనమున నతడు పత్నీప్రేమకు ఉదాహరణముగా చెప్పదగినవాడు కాడు. భర్తకు సంపాదన లేని దినములలో కుట్టుపనిచే సంసారము నడపినది హోవు భార్య యని చెప్పుదురు. మహాత్ముని కథ ఆమెకు చెందియుండిన బాగుండెడిది.

మన యిండ్లలో మిషను లేని కాలమునను కుట్టు ఉన్నది. తెలంగాణమున మేరవారికి కుట్టు కులవృత్తి. కాని రవికె తప్ప స్త్రీల వస్త్రములకు కత్తెరతో పని తక్కువ. ఇంటిలో స్త్రీలు కుట్టినది క్రొత్తబట్టను గాదు, పాతబట్టను. చీర మొదట పేరంటములకు కట్టబడును. వన్నె తఱిగిన పిదప నిత్యమునకు దిగును. కుచ్చెళ్ళయొద్ద చినిగినపిమ్మట, గట్టిగా మిగిలిన కొంగువైపు ఆడుపిల్లకు పరికిణీ యగును. తక్కినది పసిబిడ్డకు ఉయ్యాల. పురిటిబిడ్డకు క్రొత్తబట్ట వేయరు, ఉతికి యుతికి మెత్తబడిన పాతబట్టనే వేయుదురు. కడపట నన్నియు పొరలుపొరలుగా పేర్చి, అంచులు మలచి, బారుకుట్టుతో కుట్టగా బొంత యగును. బొంతయు చినిగినచో పొయ్యియొద్ద మసిగుడ్డ. ఒక బొంతను వెలుగునకు పట్టి చూచినచో నాయింటి మూడుతరముల స్త్రీలు కట్టినవి వరుసగా కానవచ్చును.

దీనికి సరిగా నెదురుగానున్న వస్తువును చూడగోరువారు పురానీహవేలీలోని నిజాం మ్యూజియమునకు పోవలెను. 1869 మొదలు 1911 వఱకు పాలించిన ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను బట్టల బీరువా అందున్నది. బర్మాటేకుతో చేసిన రెండంతస్తుల కట్టడము. పొడవు 176 అడుగులు. ఒకసారి తొడిగినదానిని ప్రభువు మరల తొడుగలేదని ప్రతీతి. మేము చూడబోయినపుడు నా భార్య ఆ తలుపుల వరుసను ఈ చివరనుండి ఆ చివరకు నడచి, ఇందులో నొక్క బొంతయు నుండదు గదా యనెను.

మన సంఘసంస్కర్తలు స్త్రీవిద్యకై పాటుపడిన కాలమున కుట్టుపని బడిలో ప్రవేశించినది. వీరేశలింగముగారు 1874 లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టి, 1883 లో స్త్రీలకై సతీహితబోధిని పత్రిక నడపిరి. ఆ తరువాతి దశాబ్దములలో మద్రాసు రాజధాని బాలికాపాఠశాలలలో సూదిపని పాఠ్యవిషయముగా సాగినది. ఆడుపిల్లకు చదువెందుకను తండ్రికి, కుట్టుకూడ నేర్పుదురని చెప్పినచో కొంత మెత్తబడెడివాడు. సూది చాటున అక్షరము బడికి పోయినదనవచ్చును. కాని దీనికి రెండవవైపును కలదు. చదువు కష్టమనిపించిన బాలికను కుట్టుతరగతికి పంపి, ఇంతకు మించిన విద్య నీకు వలదని తేల్చుటకును ఆ సూదియే సాధనమైనది. దుర్గాబాయిగారు 1937 లో మద్రాసున స్థాపించిన ఆంధ్రమహిళాసభ ఈ చిక్కును చక్కగా విప్పినదని నా యభిప్రాయము. అచ్చట చేతిపనులును నేర్పిరి. బాల్యమున చదువు తప్పిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకును కూర్చుండబెట్టిరి. ఒకదానికి బదులు ఒకటి గాక రెండును ఒకే కప్పుక్రింద నుంచిరి.

ఈ రెండవవైపు ఎంత లోతైనదో తెలియగోరువారు నరసాపురపు లేసు చరిత్రను చూడవలెను. గోదావరీతీరమున క్రైస్తవమిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున నేర్పిన యల్లికపని అక్కడి యిండ్లలో వ్యాపించి, విదేశములకు ఎగుమతియగు పరిశ్రమ యైనది. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ గ్రామములలో నుండి పరిశోధించి 1982 లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిపని కాక దినమునకు ఆఱేడు గంటలు, అంతకు మించియు, కొక్కెముతో అల్లుచున్న స్త్రీలను అందఱును గృహిణులనియే పిలిచిరనియు, వారి పనిని తీరికవేళ కాలక్షేపముగా లెక్కించిరనియు, అందుచేతనే వారికి ముట్టిన కూలి పొలముకూలికంటెను తక్కువగా నుండెననియు ఆమె చూపెను. పొలమునకు పోక గోషాలో నుండుట గౌరవమని ఆ స్త్రీలు సయితము తలచిరట. లాభము వర్తకులది, గౌరవము వీరిది. కాలక్షేపమను నొక్క మాట యెంత వెలగలదో నాకు ఆ గ్రంథము చెప్పినట్లు మఱి యేదియు చెప్పలేదు.

చెప్పక తప్పని సంగతి మా యింటిది యొకటి కలదు. మా అమ్మకు ఒక కాలిమిషను ఉండెడిది, కలకత్తాలో చేసిన ఉషా. పిల్లల చొక్కాలును మా లాగులును తలగడ గలీబులును దానిమీదనే పుట్టినవి. నల్లగొండ జిల్లా పల్లెనుండి నగరమునకు తరలివచ్చునపుడు చోటు చాలదని దానిని పాతసామానుల వర్తకునికి అమ్మివేసితిమి. అమ్మినవాడను నేనే. ఆమెను అడిగితినో లేదో నాకు జ్ఞాపకము లేదు; అడిగియుండిన జ్ఞాపకముండెడిదే. ఆమె యేమియు ననలేదు. గుండీల డబ్బాను మాత్రము ఒడిలో పెట్టుకొని బస్సులో కూర్చుండెను. జుమ్మెరాత్ బజారులో మిషనును తక్కెడలో పెట్టినపుడు నా భార్య నావైపు చూచిన చూపునకు అర్థమిదియే.

గత సంవత్సరము ట్రంకుపెట్టె దులుపుచుండగా మా తండ్రి జమాఖర్చు పుస్తకములు బయటపడినవి. ఆయన లెక్కలలో దిట్ట. మిషను నూనె, సూదులు, దారపుకండెలు, తోలుపట్టీ మార్పించిన కూలి, అన్నియు నణా పైసలతో సహా ఖర్చుపద్దులో నున్నవి. అమ్మ కుట్టిన బట్టలకు మాత్రము జమపద్దులో నొక్క పంక్తియు లేదు. దర్జీకి ఇచ్చియుండవలసిన డబ్బు మిగిలెనని వ్రాయుట ఆయనకు తోచలేదు. నాకును అప్పటివఱకు తోచలేదు.

మా వీథిలో ఇప్పుడు నాలుగిండ్ల గుమ్మములకు, చీరలకు ఫాలు, పీకో కుట్టబడునని బల్లలు వ్రేలాడుచున్నవి. వసతిగృహముల విద్యార్థినులు సాయంకాలము వచ్చి దుస్తులు బిగువు చేయించుకొని పోవుదురు. ఆ బల్లలమీద వెలలు కూడ వ్రాసియున్నవి. మా మనుమరాలు తన చిన్ననాటి గౌనులతో బొంత కుట్టుమని అవ్వ నడుగుచు, కూలి యెంత తీసికొందువని మొన్న అడిగెను. నా భార్య నవ్వి, ఒక సంఖ్య చెప్పెను. అది తక్కువ కాదు. పిల్ల బేరమాడుచున్నది.

జమాఖర్చు పుస్తకములలో నొకదానిని మూయబోవుచు తలక్రిందుగా త్రిప్పితిని. వెనుక అట్టవైపునుండి, పుటలు తిరుగవేసి, పెన్సిలుతో మా అమ్మ వ్రాత యున్నది. పొరుగిండ్లవారి పేర్లు, వారివారి యెదుట లెక్కలు. రెండు రవికెలు, ఒక రూపాయి. పరికిణీ, అర్ధరూపాయి. పాతచీర అంచు మార్చినది, బాకీ.