జొన్న ఒక్కటే కూడైన రోజుల జబ్బు

గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు జొన్న గట్కకు మళ్లీ గౌరవం దక్కుతోంది. పాతకాలం వాళ్లు జొన్నలు, మక్కలు తిని గట్టిగా బతికారని, వరి అన్నం మరిగాకే రోగాలు మొదలయ్యాయని నమ్మేవాళ్లు చాలామంది. జొన్న మంచి ధాన్యమే. పీచు, ఇనుము తెల్ల బియ్యంలో కన్నా అందులో ఎక్కువ. కానీ దక్కన్‌లో జొన్న తిని బతికిన పేదలనే పీడించిన పెల్లాగ్రా చరిత్ర తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ఆపైన విరేచనాలు, మతి తప్పడం. ముదిరితే ప్రాణమే పోయేది. నయాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం దీనికి మూలం.

ఈ జబ్బును మొదట వర్ణించినవాడు స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్, 1735లో. రోగులు మక్కల మీదే బతికే పేద రైతులు. మక్కలు పుట్టిన మెక్సికోలో వాటిని సున్నపు నీళ్లలో ఉడికించి తినేవారు. గింజలో ఒంటికి పట్టకుండా బిగుసుకున్న నయాసిన్ దాంతో విడివడుతుంది. ఐరోపావాళ్లు గింజను తెచ్చుకున్నారు, వండే తీరును అక్కడే వదిలేశారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది వ్యాపించినప్పుడు అంటురోగమనే అనుకున్నారు. 1914లో పరిశోధనకు దిగిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్, కాదని రుజువు చేయడానికి రోగుల రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. లోపం తిండిలో ఉందని తేల్చాడు. ఆ లోపం నయాసిన్‌దేనని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ పరిశోధనతో తెలిసింది.

మన జొన్న సంగతి ఇంతకంటే చిక్కైనది. ఒంట్లో నయాసిన్‌గా మారే ట్రిప్టోఫాన్ మక్కల్లో తక్కువ, జొన్నలో అంత తక్కువేం కాదు. మరి జొన్న తిన్నవాళ్లకు ఈ జబ్బు ఎందుకు? 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి కొలత్తూరు గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఒక జవాబు చెప్పారు: జొన్నలోనూ మక్కల్లోనూ లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంది, ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారకుండా అది అడ్డుపడుతోంది అని. ఈ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. వేరేచోట్ల జరిగిన ప్రయోగాల్లో కొన్ని దాన్ని బలపరచలేదు. లూసిన్ పాత్ర ఎంతన్నది పక్కన పెట్టినా, ఒక్క నిజం మాత్రం చెదరదు. జబ్బు పడింది కూలీ గింజలతో పూట గడుపుకునే వాళ్లే. జొన్న రొట్టెతో పాటు పప్పు, పాలు, మాంసం దొరికిన ఇళ్లు అదే జొన్న తిని క్షేమంగా ఉన్నాయి. కాబట్టి తప్పు గింజది కాదు, దాని పక్కన ఏమీ లేకపోవడానిది.

అయితే వరి వచ్చి మేలే చేసింది కదా అని అడగవచ్చు. ఈ జబ్బు వరకు చేసింది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్లతో జగిత్యాల ప్రాంతం వరి సీమ అయింది, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, జొన్న వాడకం తగ్గుతూ పోయింది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. కానీ పళ్లెంలో ఒకే గింజ రాజ్యం పోలేదు, రాజు మారాడంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. వరి ఇంత పండే రాష్ట్రంలో ఇది బాధపడాల్సిన లెక్క. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపితే సరిపోదా అంటే, కొంత ఉపయోగం ఉండవచ్చు. కానీ పప్పు, పాలు, ఆకుకూరలు, పండ్లు ఇచ్చేవన్నీ ఆ మూడు పోషకాలు ఇవ్వలేవు. అందుకే 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం నాకు సరైన దారిగా కనిపిస్తుంది: గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో పూర్తి భోజనం. ఇంటికి తెస్తే ఆ గుడ్డు పిల్లల వాటాకో మగవాళ్ల వాటాకో పోతుంది. కోడళ్లను, బిడ్డలను అత్తలూ తల్లులూ రోజూ అక్కడికి పంపండి, అక్కడే తిని రానివ్వండి.