వజీఫా

మా ఇళ్లల్లో వజీఫా అనే మాటకు మూడు అర్థాలున్నాయి. నమాజు తర్వాత తస్బీ తిప్పుతూ చదువుకునేది వజీఫా. రిటైరైన సర్కారీ నౌకరుకు నెలనెలా వచ్చే పింఛను వజీఫా. చదువుకునే పిల్లలకు సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పూ వజీఫాయే. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు మొదటిది అందరికీ తెలుసు. రెండోది ఏ కొద్దిమందికో. మూడోది మా గడప తొక్కడానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పుకోవాలి. ఎందుకంటే "మీరు ఏలినోళ్లు గదా, మీకెందుకు?" అని ఇప్పటికీ అడుగుతారు.

ఏలిన కాలం సంగతే చూద్దాం. మానుకోట మహబూబాబాద్ అయింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుతో. ఆయన కాలంలోనే, 1895లో, నిజాం వజీఫా మీద పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ ఇంగ్లండు వెళ్లింది. ఆమే తర్వాత సరోజినీ నాయుడు. తండ్రి నిజాం కాలేజీ ప్రిన్సిపాల్. ఆమెకిచ్చారని మాకు బాధ లేదు, గర్వమే. ఆ వజీఫా మతం చూడలేదు. కానీ చదువుకున్న ఇంటి గుమ్మం దాటి జనగామ తాలూకా దూదేకుల గుడిసె దాకా రాలేదు. 1940ల మొదట్లో, భూమి కోసం కోర్టుకెక్కి, విసునూరు దొర మనుషుల చేతిలో కామారెడ్డిగూడెంలో చచ్చిపోయిన షేక్ బందగీని కూడా ఏలినోడి లెక్కలోనే రాసుకోవాలా?

1918లో ఉర్దూ మీడియంలో ఉస్మానియా వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ మీడియం పోయింది. ఉర్దూలో చదివినవాళ్ల చదువు నౌకరీకి పనికిరాని చదువైంది.

1970 బీసీ జాబితాలో దూదేకుల, మెహతర్ వంటి కొద్దిమందికే చోటు దొరికింది. రిక్షా తొక్కే షేకు, కసాయి ఖురేషీ దొరలతో పాటు ఓసీలే. 2004లో ఇచ్చిన 5 శాతం కోర్టులో నిలవలేదు, 2005లో చట్టం చేసినా నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద 14 ముస్లిం కులాలకు 4 శాతంతో బీసీ-ఈ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇస్లాంలో కులం లేదని జుమ్మా ఖుత్బాలో వింటాం. తహశీల్ కచేరీలో మాత్రం కులం చూపించాలి. షేకుకు సర్టిఫికెట్ ఉంది. సయ్యద్‌కు, పఠాన్‌కు లేదు. ఇద్దరూ ఒకే గల్లీలో పంక్చర్లు వేసేవాళ్లే కావచ్చు. లేదనుకున్న కులాన్ని పైకి చెప్పడం మాకు సిగ్గనిపించింది. నా మటుకు నాకు ఆ సిగ్గు కంటే పిల్లల చదువే పెద్దది. అరబ్బు పూర్వీకుల గొప్పలు చెప్పుకుంటే ఫీజు కట్టినట్టు కాదు గదా!

2006లో సచార్ నివేదిక మా వెనుకబాటును అంకెల్లో చూపించింది. ఆ తర్వాత కేంద్రం మైనారిటీ స్కాలర్‌షిప్పులు పెట్టింది. 2008లో రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లు అప్పుడు పుట్టారు. వాళ్లలో బుర్ఖా వేసుకుని బస్సెక్కి హన్మకొండ పోయిన ఆడపిల్లలున్నారు. పీహెచ్‌డీ చేసేవాళ్ల కోసం 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022 డిసెంబరులో ఆపేస్తున్నామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది.

మంజూరైన ఫీజు ఏళ్ల తరబడి బకాయి పడుతుంది. సర్కారు డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. డిగ్రీ పాసైన అమ్మాయి మార్కుల మెమో కోసం తండ్రి బండి తాకట్టు పెట్టి, ఆ ఫీజు తానే కట్టి వస్తాడు.