ఆన్‌లైన్ ఆటల్లో అపరిచితుల మాటామంతీ: పుట్టుపూర్వోత్తరాలు

ఒకే ఆటను ఇంటర్నెట్ ద్వారా వేర్వేరు చోట్ల నుంచి ఆడుతున్నవారు, చేతులు కీబోర్డు మీదో కంట్రోలర్ మీదో ఉండగానే, హెడ్‌సెట్ ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకునే సదుపాయాన్ని వాయిస్ చాట్ అంటారు. నేడు సెల్‌ఫోన్ ఆటల్లో సైతం ఒక గుర్తు నొక్కితే అందే ఈ సదుపాయం వెనుక అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. మనిషి గొంతును ఆలస్యం లేకుండా దూరానికి పంపడం ఎలా, ముక్కూ మొహం తెలియనివారి చేత ఒక జట్టుగా పనిచేయించడం ఎలా అన్న రెండు ప్రశ్నలు ఆ చరిత్రలో మొదటి నుంచీ పెనవేసుకుని ఉన్నాయి. మొదటిదానికి జవాబు దొరికితే రెండవది దానంతటదే తేలిపోతుందని ఆటల పరిశ్రమ చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం ఎక్కడ బీటలు వారిందో, దానికి బదులుగా ఏ మార్గాలు పుట్టుకొచ్చాయో తెలుసుకోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన భాగం.

అక్షరాలతో ఆరంభం

అపరిచితులు కంప్యూటర్ ద్వారా కలిసి ఆడడం అక్షరాలతో మొదలైంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బోధన కోసం నిర్మించిన ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థలో, పలువురు కలిసి ఆడే ఎంపైర్ అనే ఆటా, టైపు చేసిన ప్రతి అక్షరమూ వెంటనే అవతలివారి తెర మీద కనిపించే టాకోమాటిక్ అనే సంభాషణ సాధనమూ 1973లోనే వచ్చాయి. బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ విస్తరించిన మడ్ అనే ఆటలో లోకమంతా వాక్యాలతోనే రూపుకట్టేది కనుక, కత్తి దూయడమూ తోటివాణ్ణి పలకరించడమూ రెండూ టైపు చేసే పనులే అయ్యాయి. మాట్లాడడం కోసం ఆట ఆపవలసిన అవసరం అక్కడ రాలేదు.

1993లో డూమ్, 1996లో క్వేక్ వంటి వేగవంతమైన తుపాకీ ఆటలు వచ్చేసరికి ఈ పొందిక చెదిరింది. ఆడేవారి ఒక చేయి నడకకూ రెండవది గురికీ అంకితమైపోయి, వెనుక శత్రువు ఉన్నాడని టైపు చేసేలోపు ఆ హెచ్చరిక అందుకోవలసినవాడు ఓడిపోవడమో, టైపు చేస్తూ నిలబడినవాడే గురికి దొరికిపోవడమో జరిగేది. చేతులకు తీరిక లేని చోట నోటికి పని కల్పించవలసిన అవసరం అలా పుట్టింది.

గొంతు ప్యాకెట్లుగా మారిన విధం

ఆ అవసరానికి కావలసిన విద్య అప్పటికి ఇరవయ్యేళ్ళ ముందే రూపుదిద్దుకుంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో పనిచేసిన డానీ కోహెన్ రూపొందించిన పద్ధతిలో 1974లో గొంతులు ప్రయాణించాయి. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క మీదా గమ్యం చిరునామా రాసి విడివిడిగా పంపడమే ఈ నెట్‌వర్క్ పద్ధతి. ఆ ముక్కనే ప్యాకెట్ అంటారు. ప్యాకెట్ దారిలో పోతే మళ్ళీ పంపించుకోవడం ఉత్తరాలకూ దస్త్రాలకూ సరిపోతుంది గానీ, గొంతు విషయంలో ఆలస్యంగా వచ్చిన ముక్క ఉన్నా లేనట్టే. అంతకు ముందు విమానయానాన్ని కంప్యూటర్ తెర మీద అప్పటికప్పుడు అనుకరించే ప్రోగ్రాములపై పనిచేసిన కోహెన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. పోయినదాని కోసం ఆగకుండా ముందుకు సాగిపోయే మార్గం ఒకటి వేరుగా ఉండాలని ఆయనా మరికొందరూ వాదించారు. 1980లో యూడీపీ అనే పేరుతో ఖాయమైన ఆ మార్గమే తర్వాతి కాలంలో వేగవంతమైన ఆటలు చాలావాటికీ, వాయిస్ చాట్‌కూ ఆధారమైంది.

రెండవ అడ్డంకి గొంతు పరిమాణం. టెలిఫోను స్థాయిలో గొంతును అంకెలుగా మార్చాలంటే ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో రాయాలి. అంటే సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. అర్పానెట్ లైన్ల సామర్థ్యం సెకనుకు 50,000 బిట్లే కాగా, 1990ల చివర ఇళ్ళలో వాడిన 56కే మోడెములు సైతం పైకి పంపగలిగింది సెకనుకు 33,600 బిట్లకు మించలేదు. ఇరుకు దారిలో గొంతును పట్టించే ఉపాయాన్ని జపానులో ఫుమితాద ఇతాకురా, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన, కాన్పూరులో పుట్టి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివిన బిష్ణు అటల్ 1960లలో విడివిడిగా కనుగొన్నారు. మాట్లాడేటప్పుడు నోరూ గొంతుకా తమ ఆకారాన్ని హఠాత్తుగా మార్చుకోలేవు కనుక, గడిచిన కొలతలను బట్టి రాబోయే కొలతను చాలావరకు ఊహించవచ్చు. అప్పుడు ధ్వనినంతా పంపనక్కరలేకుండా, ఆ ఊహకు కావలసిన కొద్దిపాటి అంకెలను పంపి, అవతలి వైపు గొంతును తిరిగి కట్టుకుంటే చాలు. ఈ పద్ధతిలో 1974 డిసెంబరు నాటికే సెకనుకు సుమారు 3,500 బిట్లతో సంభాషణ సాధ్యమైంది. 1985లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, అటల్ కలిసి దీన్ని మరింత మెరుగుపరచగా, ఆ పునాది మీద జాన్-మార్క్ వాలిన్ 2002లో ఉచితంగా విడుదల చేసిన స్పీక్స్ అనే కోడెక్, అంటే గొంతును కుదించి తిరిగి విప్పే ప్రోగ్రాం, ఆటల లోకంలో విస్తృతంగా పాతుకుపోయింది.

ఆట పక్కన మరో ప్రోగ్రాం

తొలినాటి వాయిస్ చాట్ ఆటలో భాగం కాదు, ఆట పక్కన విడిగా నడిచే ప్రోగ్రాం. 1999లో వచ్చిన రోజర్ విల్కో తన పేరును విమాన చోదకుల రేడియో పరిభాష నుంచి తెచ్చుకుంది: మాట అందిందనడానికి ఒక పదం, చెప్పినట్టు చేస్తాననడానికి మరొకటి. కొద్దికాలంలోనే టీమ్‌స్పీక్, వెంట్రిలో అనే ప్రోగ్రాములు దాని స్థానాన్ని ఆక్రమించాయి. ఒక జట్టు కొంత సొమ్ము చెల్లించి సర్వర్‌ను, అంటే అందరి గొంతులనూ అందుకుని పంచిపెట్టే కేంద్ర కంప్యూటర్‌ను, అద్దెకు తీసుకుని, దాని చిరునామానూ సంకేతపదాన్నీ తనవారికి మాత్రమే ఇచ్చేది.

ఈ ప్రోగ్రాముల పనితీరు చాలావరకు ఒక్కటే. ఆడే మనిషి కీబోర్డు మీద ఒక మీటను నొక్కి పట్టుకున్నంతసేపే మైకు పలుకుతుంది. దీన్నే పుష్ టు టాక్ అంటారు. మీట నొక్కగానే ప్రోగ్రాం గొంతును సాధారణంగా సెకనులో 50వ వంతు నిడివి గల తునకలుగా కోసి, ఒక్కొక్కదాన్నీ కుదించి పంపుతుంది. దారిలో కొన్ని ముందుగానూ కొన్ని వెనుకగానూ చేరతాయి కనుక, అందుకున్న కంప్యూటర్ వాటిని క్షణకాలం నిలిపి, వరుస సరిచేసి వినిపిస్తుంది. ఆ నిలుపుదల మరీ తక్కువైతే మాట తెగుతుంది, ఎక్కువైతే హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈ రెంటి మధ్య తూకం కుదర్చడమే ఈ ప్రోగ్రాములను రాసే ఇంజనీర్ల నేర్పు.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ ప్రోగ్రాములకు పెద్ద పరీక్ష పెట్టింది. మోల్టెన్ కోర్ వంటి శత్రు స్థావరాల మీద 40 మంది కలిసి చేసే దండయాత్రను రెయిడ్ అనీ, అందుకోసం వారాల తరబడి కలిసి నిలిచే సంఘాన్ని గిల్డ్ అనీ పిలిచేవారు. శత్రువు దెబ్బలను తనమీదకు తీసుకునేవారు, గాయాలు మాన్పేవారు, దాడి చేసేవారు క్షణాల తేడాతో కదలవలసిన ఆ పోరులో, ఒక నాయకుడి గొంతును తక్కిన 39 మంది మౌనంగా వినడం మర్యాదగా మారింది. డిమిత్రి విలియమ్స్, మరో ఇద్దరు పరిశోధకులు కొన్ని గిల్డులకు మాట్లాడుకునే సాధనాలిచ్చి, అవి లేనివారితో పోల్చి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, గొంతు కలిసినవారి మధ్య ఇష్టమూ నమ్మకమూ అక్షరాలకే పరిమితమైనవారి కన్నా మెరుగ్గా నిలిచాయని తేలింది. అయితే ఆ గిల్డులు ముందే ఏర్పడిన సంఘాలనీ, అక్కడ ఒకరి పేరు మరొకరికి తెలుసనీ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అందరి నోటా మైకు

సంఘం గడప దాటి గొంతు అపరిచితుల మధ్యకు వచ్చింది టీవీకి తగిలించి ఆడే కన్సోల్ యంత్రాల వల్ల. సెగా సంస్థ 2001లో డ్రీమ్‌కాస్ట్ కోసం విడుదల చేసిన ఏలియన్ ఫ్రంట్ ఆన్‌లైన్ ఆటతోపాటు మైకును కూడా అందించింది. 2002 ఆగస్టులో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన సోకామ్ కూడా హెడ్‌సెట్‌తో అమ్ముడైంది. అసలు మలుపు 2002 నవంబరు 15న మైక్రోసాఫ్ట్ ప్రారంభించిన ఎక్స్‌బాక్స్ లైవ్. మోడెములను పక్కనపెట్టి బ్రాడ్‌బ్యాండ్‌నే తప్పనిసరి చేయడం, చందాతోపాటే హెడ్‌సెట్ ఇవ్వడం అనే రెండు నిర్ణయాల వల్ల, ఎదుటివాడికి మైకు ఉండే ఉంటుందన్న భరోసా మొదటిసారి ఏర్పడింది.

2004 నవంబరు 9న విడుదలైన హేలో 2 దీనికి మరో అంశాన్ని జోడించింది. ఆడేవారు సర్వర్లను వెతుక్కోనక్కరలేకుండా, సమాన నైపుణ్యం గలవారిని యంత్రమే ఏరి జట్టు కట్టే మ్యాచ్‌మేకింగ్ పద్ధతిని ఆ ఆట సామాన్యుల అలవాటుగా మార్చింది. ఊరి కబడ్డీ జట్టులో ఎవరి కూత ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలిసినట్టు, గిల్డులో ఒకరి బలం ఒకరికి తెలుసు. మ్యాచ్‌మేకింగ్ కూర్చిన జట్టుకు గతమూ లేదు, ఆట ముగిశాక భవిష్యత్తూ లేదు. తిట్టినవాడు మళ్ళీ ఎదురుపడడు, సాయపడినవాడికి కృతజ్ఞత చెప్పే వేళా దొరకదు. మర్యాదను నిలబెట్టే పరిచయం తొలగిపోయిన చోట గొంతు మాత్రం మిగిలింది.

గొంతు మాటను మాత్రమే మోయదు. మాట్లాడేవారు ఆడో మగో, పిల్లలో పెద్దలో, ఏ ప్రాంతం వారో కూడా చెబుతుంది. జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ అనే పరిశోధకులు హేలో 3లో ఒకే రకమైన సాధారణ వాక్యాలను ముందుగా రికార్డు చేసి, ఒక ఖాతాలో పురుషుడి గొంతుతోనూ మరోదానిలో స్త్రీ గొంతుతోనూ వినిపించి, మూడవ ఖాతాలో మౌనం పాటించారు. 2013లో అచ్చయిన వారి పత్రం ప్రకారం, చెప్పిన మాటలు ఒకటే అయినా, స్త్రీ గొంతుకు ఎదురైన ప్రతికూల వ్యాఖ్యలు మిగిలిన రెండింటితో పోలిస్తే మూడింతలు. జట్టును కలపడానికి వచ్చిన సాధనమే జట్టులో కొందరి నోరు మూయించింది. వాయిస్ చాట్ చరిత్రలో అత్యంత బాధాకరమైన సత్యం ఇదే.

మాట లేని మాట

ఈ సమస్యకు ఆటల రూపకర్తలు కొందరు గొంతును పక్కనపెట్టి జవాబు వెతికారు. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ అపరిచితుల మధ్య వాయిస్ చాట్‌ను చాలాకాలం దగ్గరకు రానీయలేదు. 2012లో జెనోవా చెన్ బృందం రూపొందించిన జర్నీ మరింత దూరం వెళ్ళి, పేరూ మాటా లేకుండా, ఒక చిన్న స్వరం పలకడం ద్వారా మాత్రమే ఇద్దరు అపరిచితులు కలిసి ప్రయాణించే ఆటను నిర్మించి, అలా కూడా ఆత్మీయత పుడుతుందని చూపింది.

పోటీ ఆటల్లో ఈ ఆలోచనకు పరిణత రూపం 2019 ఫిబ్రవరి 4న విడుదలైన అపెక్స్ లెజెండ్స్‌లో కనిపిస్తుంది. తెర మీద ఒక చోటును చూపి మీట నొక్కితే జట్టువారందరికీ అక్కడ గుర్తు కనిపించడాన్ని పింగ్ అంటారు. ఇది అంతకు ముందే ఉన్నా, ఈ ఆట దాన్ని సందర్భాన్ని గ్రహించే సాధనంగా మలిచింది. తుపాకీ గుండ్ల మీద గురిపెట్టి నొక్కితే అవి అక్కడున్నాయనీ, ఖాళీ నేల మీద నొక్కితే అటు వెళ్దామనీ, రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే శత్రువు ఉన్నాడనీ ఆటలోని పాత్రే పలుకుతుంది. ఆ వస్తువు తనకు కావాలని మరొకరు కూడా ఒక్క నొక్కుతోనే చెప్పవచ్చు. ఆ పలుకు వినేవారి యంత్రంలోనే పుడుతుంది కనుక, టోక్యోలో నొక్కిన పింగ్ అక్కడివారికి జపనీయంలోనూ పారిస్‌లోని వారికి ఫ్రెంచిలోనూ వినబడగలదు. వయసు, లింగం, భాష, వినికిడి లోపం ఏదీ అడ్డుపడకుండా జట్టుకు నిజంగా కావలసిన సమాచారం మాత్రమే అందింది. అదే సమయంలో, అమెరికాలో 2010 నాటి సమాచార సౌలభ్య చట్టం నుంచి ఆటలకు ఇచ్చిన మినహాయింపు 2018 చివరితో ముగియడంతో, గొంతును అక్షరాలుగానూ అక్షరాలను గొంతుగానూ మార్చే ఏర్పాట్లు కొత్త ఆటల్లో పెరిగాయి.

మరోవైపు స్నేహితుల గొంతు వేరే ఇంటికి మారింది. 2015 మేలో జేసన్ సిట్రాన్, స్టానిస్లావ్ విష్నెవ్‌స్కీ ప్రారంభించిన డిస్కార్డ్, 2012లో ప్రమాణంగా ఖాయమైన ఓపస్ కోడెక్ ఆసరాతో, అద్దె సర్వర్ల బాదరబందీ లేకుండా ఉచితంగా మాట్లాడుకునే గదులను అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

తెలుగువారి చేతికి అందిన వేళ

తెలుగు నాట ఈ అనుభవం ఎక్కువమందికి కన్సోల్ ద్వారా కాక సెల్‌ఫోన్ ద్వారా వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చవకైన తర్వాత, 2018 మార్చిలో వచ్చిన పబ్‌జీ మొబైల్ నలుగురేసి జట్లుగా నూరుమందిని ఒకే మైదానంలో దించి, మాట జట్టుకే వినబడాలా, చుట్టుపక్కల అందరికీనా అని ఎంచుకునే మైకు గుర్తును తెర మీదే పెట్టింది. ఇక్కడి కుర్రకారు రాండమ్స్ అని పిలిచే అపరిచితులు ఏ రాష్ట్రం వారైనా కావచ్చు కనుక, తొలి పలకరింపు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగి, అవతలివారూ తెలుగువారేనని తెలిశాక "జోన్ వస్తోంది, నన్ను రివైవ్ చెయ్ బ్రో" (మైదానం కుంచించుకుపోతోంది, పడిపోయిన నన్ను లేపు) అనే ధోరణిలోకి మారుతుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఆ ఆట కూడా ఉంది; 2021 జూలై 2న అది బీజీఎంఐ పేరుతో మార్పులతో వచ్చింది. భాష తెలిసినవాడు దొరికితే చనువు పెరగడం, తెలియనివాడితో పింగులూ సంజ్ఞలే శరణ్యం కావడం ఈ నేల మీద స్పష్టంగా కనిపించే విషయాలు.

నేటి స్థితి

ఇటీవలి సంవత్సరాల్లో గొంతును కాపలా కాసే ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. ఫిర్యాదు వచ్చినప్పుడు పరిశీలించేందుకు సంభాషణలను రికార్డు చేసే నిబంధనను, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను రూపొందించిన రయట్ గేమ్స్ 2021లో ప్రకటించింది. 2023లో ఎక్స్‌బాక్స్ దూషణ వినిపించిన తునకను ఆడేవారే ఫిర్యాదుకు జతచేసే వీలు కల్పించగా, కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకీ ఆట సంభాషణల్లోని దుర్భాషను యంత్రమే పసిగట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇవి అవసరమే గానీ, మాట్లాడుకునే గదిలో ఎల్లవేళలా ఒక చెవి పొంచి ఉండడం కూడా వాటి మూల్యమే కనుక, కాపలాను ఫిర్యాదు మేరకు పరిమితం చేయడం ఉత్తమం.

ఈ చరిత్రంతా చూసినప్పుడు తేలే విషయం ఒకటుంది. గొంతు ఉన్న నమ్మకాన్ని పెంచగలదు గానీ, లేని నమ్మకాన్ని పుట్టించలేదు. అందుచేత జట్టుగా గెలవడానికి కావలసినదంతా నోరు విప్పకుండానే చెప్పుకునే వీలు ప్రతి ఆటలోనూ ఉండాలి. ఆపైన మాట్లాడడమన్నది ఆడేవారు ఇష్టపడి ఎంచుకునేది కావాలి. మాట్లాడకపోతే ఓటమి, మాట్లాడితే అవమానం అన్న పరిస్థితి లేని చోటనే అపరిచితులు నిజంగా ఒక జట్టవుతారు. ఆ సూత్రాన్ని పాటించే ఆటలు ఇప్పటికే ఉన్నాయి కనుక, పాటించని వాటికి ఇక సాంకేతికతను సాకుగా చెప్పే అవకాశం లేదు.